అవయవ మార్పిడి యైనవారు ఆటలాడవచ్చునా?

గడచిన సంవత్సరము మా పాఠశాల క్రీడోత్సవము నాడు తండ్రులను బిడ్డలను జతగా చేర్చి యొక చిన్న పరుగుపందెము పెట్టితిమి. తొమ్మిదవ తరగతి బాలుడొకడు మాత్రము పేరీయక గోడవార నిలుచుండెను. కారణ మడుగగా, "మాస్టారూ, మా నాన్నగారికి మూత్రపిండము మార్చి రెండేండ్లైనది. అమ్మ ఆయనను బిందె ముట్టనీయదు. వీథి చివఱకు నడిచినను నాయనమ్మ వెంటనే పోవును. ఆయన ఎన్నటికైనను పరుగెత్తవచ్చునా?" అని మమ్మడిగెను. ఆ తండ్రి చెట్టునీడను కుర్చీలో కూర్చుండి తక్కినవారి పరుగును చూచుచుండెను. ఆ దినమున మే మా బాలునికి సరియైన ప్రత్యుత్తర మీయలేకపోతిమి. పిమ్మట వైద్యుల నడిగియు, గ్రంథములు చూచియు తెలిసికొన్న సంగతులను ఇచ్చట పాఠముగా వ్రాయుచున్నాము.

ప్రత్యుత్తరమును ముందే చెప్పెదము. ఆయన నడువవచ్చును, పరుగెత్తవచ్చును, అనేకములైన ఆటలు నాడవచ్చును. ఆడకుండ కూర్చుండుటయే యొక అపాయము. అయితే క్రమ మెఱిగి, ప్రతి నియమమునకు కారణ మెఱిగి ఆడవలెను. భయము, దుడుకు అను రెండును కొత్త అవయవమునకు శత్రువులే.

ఈ విషయము మనకేల?

ఇది ఏ దూరదేశపు ముచ్చటయో యని మన విద్యార్థులు తలంపరాదు. మన పొరుగున శ్రీకాకుళము జిల్లాలో ఉద్దాన మను ప్రదేశము కలదు. ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతముల కొబ్బరితోటల నడుమ నుండు పల్లెలలో మూత్రపిండముల వ్యాధి చాల కుటుంబములను బాధించుచున్నది. మధుమేహముగాని రక్తపు పోటుగాని లేనివారికి సైత మీ వ్యాధి వచ్చుచున్నది. దీనికి మూలకారణ మిదియే యని పండితు లింకను నిశ్చయింపలేదు. 2023 సంవత్సరము డిసెంబరులో పలాసయందు మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు ప్రారంభమైనవి. రెండు మూత్రపిండములును పూర్తిగా చెడిపోయినప్పుడు యంత్రముచే రక్తమును శుద్ధి చేయించుకొనవలెను. లేదా యొకరిచ్చిన మూత్రపిండమును అమర్చుకొనవలెను. కావున మన తరగతులలోని బిడ్డల యిండ్లలోనే ఇట్టి రోగు లుండుట వింత కాదు.

ఈ చికిత్స ఎట్లు వచ్చినది?

1954 సంవత్సరము డిసెంబరులో అమెరికా దేశపు బోస్టను నగరమున జోసెఫ్ మర్రే అను శస్త్రవైద్యుడు ఒక కవలసోదరుని మూత్రపిండమును రెండవ సోదరునికి అమర్చి కృతార్థుడయ్యెను. ఆయనకు 1990లో నోబెల్ బహుమాన మీయబడినది. 1967లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరమున క్రిస్టియన్ బర్నార్డు మొదటిసారిగా మనిషి గుండెను మఱియొక మనిషికి అమర్చెను. ఆ రోగి 18 దినములు మాత్రమే జీవించెను.

మన దేశమున మొదట జయప్రదమైన మూత్రపిండ మార్పిడి 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జరిగినది. ఐడా స్కడ్డర్ దొరసాని 1900లో స్త్రీలకొఱకు స్థాపించిన చిన్న వైద్యశాలయే ఆ గొప్ప ఆసుపత్రికి మూలము. 1994లో ఢిల్లీ నగరమున వేణుగోపాల్ వైద్యుడు గుండెమార్పిడి చేసి సఫలుడయ్యెను. తెలుగునాట హైదరాబాదునందు 2004లో ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే వైద్యుడు గుండెమార్పిడి చేసెను. అవయవములను కొనుటయు అమ్ముటయు 1994 నాటి చట్టముచే నిషేధింపబడినవి. అవి దానముగానే రావలెను.

కొత్త అవయవమును శరీర మెట్లు చూచును?

మన రక్తములోని తెల్లకణములు కావలివారివంటివి. పరాయి పదార్థ మేది లోనికి వచ్చినను పట్టి నశింపజేయుట వాని పని. అవి రోగక్రిములను చంపునట్లే, ప్రాణము నిలుపుటకు వచ్చిన కొత్త మూత్రపిండమును సైతము శత్రువని యెంచి చంపజూచును. కవలసోదరులు రూపముననే కాక రక్తమాంసముల స్వభావమున కూడ నొక్కటియే యగుటచే 1954లో ఈ చిక్కు రాలేదు. ఇతరుల విషయమున ఆ కావలివారిని కొంత అణచి యుంచు మందులు ప్రతిదినమును పుచ్చుకొనవలెను. నార్వే దేశపు మట్టిలోని యొక బూజునుండి తీసిన సైక్లోస్పోరిన్ అను మందు 1980 తరువాత వాడుకలోనికి వచ్చినందున ఈ చికిత్సకు బలము చేకూరినది. జపాను దేశపు మట్టిలోని సూక్ష్మజీవినుండి 1984లో కనుగొనబడిన టాక్రోలిమస్ అను మందు నేడెక్కువగా వాడబడుచున్నది. వీనితో ప్రెడ్నిసొలోన్ వంటి మందును ఇత్తురు.

ఈ మందులు ప్రాణమును నిలుపును గాని, కొన్ని కీడులను వెంట తెచ్చును. ఎముకలు పలుచబడును. తొడలయందును భుజములయందును కండ తగ్గును. ఆకలి హెచ్చి దేహము బరువెక్కును. రక్తములో చక్కెరయు, కొవ్వును, రక్తపు పోటును పెరుగవచ్చును. మూత్రపిండము చక్కగా పనిచేయుచుండగనే గుండెజబ్బుచేత మరణించువా రనేకులు గలరు. శస్త్రచికిత్సకు ముందు మాసములకొలది మంచమునకో యంత్రమునకో కట్టుబడి యుండుటచేత కండబలము మొదటనే క్షీణించి యుండును.

ఇప్పుడు విద్యార్థులు ఆలోచింపవలెను. కండను పెంచునది, ఎముకను గట్టిపఱచునది, చక్కెరను తగ్గించునది, గుండెకు మేలు చేయునది యేది? వ్యాయామమే గదా! మందు చేయు కీడును చాలవఱకు తగ్గించు సాధనము మన కాళ్లయందును చేతులయందును గలదు. ప్రేమచేత రోగిని కదలనీయక కూర్చుండబెట్టు ఇంటివారు తెలియకయే ఆ సాధనమును తీసివేయుచున్నారు. అయితే వ్యాయామము చేయుచున్నామని మందును మానరాదు, తగ్గింపరాదు. ఒక్క పూట మఱచినను కావలివారు మేలుకొందురు.

ఎప్పు డేమి మొదలు పెట్టవలెను?

మన బొబ్బిలి గొల్లపల్లిలో పనసమ్రానును తొలిచి వీణలు చేయుట మీరందఱు నెఱుగుదురు. కొత్తగా తీగె కట్టినవాడు బిరడాను ఒక్కసారిగా బిగింపడు. కొంచెము బిగించి, మీటి విని, మఱికొంచెము బిగించును. తొందరపడినచో తీగె తెగును. బిగింపకయే విడిచినచో వీణ పలుకదు. శస్త్రచికిత్స యైన దేహమును అట్లే శ్రుతి చేయవలెను.

మొదటి మెట్టు: ఆసుపత్రిలోనే, శస్త్రచికిత్స యైన ఒకటి రెండు దినములకే వైద్యులు రోగిని లేపి కూర్చుండబెట్టి నాలుగడుగులు నడిపింతురు. దీర్ఘముగా ఊపిరి తీసి విడుచుట నేర్పుదురు. దీనివలన ఊపిరితిత్తులలో కఫము చేరదు. కాళ్లలో రక్తము గడ్డకట్టదు.

రెండవ మెట్టు: ఇంటికి వచ్చిన పిమ్మట ఆఱు మొదలు ఎనిమిది వారములవఱకు నడకయే ముఖ్య వ్యాయామము. మొదట అయిదు నిమిషములు, కొన్ని దినములకు పది, తరువాత పదునైదు నిమిషములు నడువవలెను. ఈ కాలమున నాలుగు కిలోలకు మించిన బరువు నెత్తరాదు. కడుపు మీద కోసి కుట్టిన కండ పైకి మానినట్లు కనబడినను లోన గట్టిపడుటకు కాలము పట్టును. బరువెత్తినచో పేగు ఆ చోటునుండి ఉబికి వరిబీజమువలె వచ్చును. నిండుబిందె పది కిలోలకు తక్కువ యుండదు. కనుక బిందె ముట్టనీయని ఆ తల్లి మొదట చేసినది సరియైన పనియే. రెండేండ్లు గడచినను అదే నియమమును పాటించుటయే పొరపాటు. గుండె మార్చినవారికి ఱొమ్ముటెముకను కోసి మఱల కూర్చి యుందురు గనుక సుమారు మూడు మాసములు చేతులతో బలముగా లాగుట, నెట్టుట, దండెములు తీయుట కూడదు.

మూడవ మెట్టు: గాయము మాని, మందుల మోతాదు కుదిరి, వైద్యుడు సరేయనిన పిమ్మట వేగముగా నడచుట, సైకిలు తొక్కుట, తేలికపాటి బరువులెత్తుట ఆరంభింపవచ్చును. పెద్దవారు వారమునకు 150 నిమిషములైనను ఒకమోస్తరు శ్రమ చేయవలెననియు, రెండు దినములైనను కండబలమునకు తగిన వ్యాయామము చేయవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అవయవము మార్చుకొన్నవారు క్రమక్రమముగా ఆ గురిని చేరుటకు యత్నింపవచ్చును. శ్రమ తగినంత యున్నదా యని తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. నడచుచు ప్రక్కవానితో మాటలాడగలిగి, పాట పాడలేకున్నచో అది సరియైన శ్రమ. మాటకూడ రానిచో అది మితిమీరినది.

పూర్వము వీరఘట్టమున 1882లో జన్మించి, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడై, కలియుగ భీముడని పేరొందిన కోడి రామమూర్తి నాయుడుగారి బలము సైత మొక్కనాటి సాధనచే వచ్చినది కాదు. బలవంతునికే క్రమము కావలసినప్పుడు రోగినుండి లేచినవానికి వేఱుగ చెప్పవలెనా?

మూత్రపిండ మెక్కడ నుండును?

తరగతిలో ఈ ప్రశ్న యడిగినచో "వీపున, ప్రక్కటెముకల క్రింద" అని చెప్పుదురు. పుట్టుకతో వచ్చిన మూత్రపిండముల విషయమున అది నిజమే. కొత్త మూత్రపిండమును మాత్ర మక్కడ పెట్టరు. పాతవానిని సాధారణముగా తీసివేయకయే, పొత్తికడుపున కుడివైపుననో యెడమవైపుననో, తొడమొదలికి కొంచెము పైన దీనిని అమర్చుదురు. కాలికి పోవు పెద్ద రక్తనాళములు అక్కడ సమీపమున నుండుటయు, మూత్రాశయము దగ్గఱగా నుండుటయు ఇందులకు కారణము. అయితే అక్కడ వీపుకండల అండగాని ప్రక్కటెముకల కోటగాని లేదు. మోకాలో మోచేయియో గట్టిగా తగిలినచో ఆ దెబ్బ నేరుగా మూత్రపిండమునకే తగులును.

ఈ యొక్క సంగతి తెలిసినచో ఏ ఆట కూడునో ఏది కూడదో మీరే చెప్పగలరు. చెడుగుడు, కుస్తీ, ముష్టియుద్ధము వంటి ఒడలొడలు తాకు ఆటలు కూడవు. ఫుట్‌బాలునందును హాకీయందును ఢీకొనుట యుండును గనుక వైద్యుని యనుజ్ఞ లేక వానిలో దిగరాదు. నడక, పరుగు, సైకిలు, బాడ్మింటను, టేబులు టెన్నిసు మేలైనవి. వాలీబాలును క్రికెట్టును నెమ్మదిగా ఆడవచ్చును. గట్టిబంతికి బదులు మెత్తనిబంతి వాడుట మంచిది. ఈత మంచి వ్యాయామమే గాని, గాయము పూర్తిగా మానిన తరువాతనే, శుద్ధిచేసిన నీటిలోనే ఈదవలెను. పశువులు దిగు చెఱువులలోను కాలువలలోను ఈదరాదు. అట్టి నీటిలోని క్రిములు మనకు చిన్న జ్వరము తెచ్చినను, కావలివారు అణగియున్న దేహమునకు ప్రాణాపాయము తేగలవు.

గుండె మార్చినవారి సంగతి

ఇది శరీరశాస్త్రమున చక్కని పాఠము. మెదడునుండి గుండెకు రెండు విధములైన నరములు పోవును. ఒకటి దానిని నెమ్మదింపజేయును; మఱియొకటి త్వరపెట్టును. గుండెను మార్చునప్పుడు రక్తనాళములను కుట్టగలరు గాని, ఈ నరములను కలుపజాలరు. కొత్త గుండె తనంతట తానే కొట్టుకొనుచుండును. నెమ్మదింపజేయు నరము లేమిచేత, విశ్రాంతిగా నున్నప్పుడు సైతము నిమిషమునకు 90 మొదలు 110 వఱకు కొట్టుకొనును.

మనము పరుగు మొదలుపెట్టగానే నరము హెచ్చరించుటచేత గుండె వెంటనే వేగపడును. కొత్త గుండె కట్టి హెచ్చరిక రాదు. మూత్రపిండముల పైనుండు చిన్న గ్రంథులు అడ్రినలిన్ అను రసమును రక్తములో విడువగా, ఆ రసము గుండెను చేరిన తరువాతనే అది వేగపడును. ఇందుకు కొన్ని నిమిషములు పట్టును. పరుగు ఆపిన తరువాత కూడ ఆ వేగము వెంటనే తగ్గదు. కావున గుండె మార్చినవా రెన్నడును ఒక్కుమ్మడిగా పరుగెత్తరాదు. పది నిమిషములు నెమ్మదిగా నడచి ఆట మొదలుపెట్టవలెను. పది నిమిషములు నెమ్మదిగా నడచి ఆట ముగింపవలెను.

నాడి లెక్కించి శ్రమను కొలుచుట వీరి విషయమున నమ్మదగినది కాదు. స్వీడను దేశపు గున్నార్ బోర్గ్ అను మనశ్శాస్త్రవేత్త ఇందులకు 6 మొదలు 20 వఱకు అంకెలుగల కొలమానమును ఏర్పఱచెను. శ్రమ ఎంత తోచుచున్నదో రోగియే చెప్పును. 6 అనగా శ్రమయే లేదు. 20 అనగా ఇక సాధ్యము కాదు. 11కును 13కును నడుమ, అనగా తేలికకును కొంచెము కష్టమునకును నడుమ నుండుట సాధారణముగా క్షేమకరము. మఱియొక హెచ్చరిక: నరములు తెగియుండుటచే గుండెకు రక్తము చాలనప్పుడు ఱొమ్మునొప్పి తెలియకపోవచ్చును. ఎన్నడులేని ఆయాసమే వీరికి నొప్పికి బదులైన గుర్తు.

నీరు, ఎండ, గాయము

మన కోస్తా వేసవిలో ఉక్కచేత చెమట ధారలుగా కాఱును. దేహమున నీరు తగ్గినచో మూత్రపిండమునకు పోవు రక్తము తగ్గి, అది దెబ్బతినును. కావున తెల్లవాఱుజాముననో సాయంకాలముననో ఆడవలెను. కాచి చల్లార్చిన నీటిని వెంట తీసికొనిపోయి, వైద్యుడు చెప్పిన కొలత చొప్పున త్రాగవలెను. ఈ మందులు వాడువారి చర్మమునకు ఎండ యెక్కువ కీడు చేయును. టోపీయు, పొడుగుచేతుల చొక్కాయు ధరింపవలెను.

వట్టికాళ్లతో ఆడరాదు. మోకాలు దోకుకొనిపోయినచో సబ్బునీటితో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టి, ఎఱుపుగాని వాపుగాని కనబడగానే వైద్యునికి చూపవలెను. కాలు బెణికినదని అంగడిలో నొప్పిమాత్రలు కొని మ్రింగుట మహాప్రమాదము. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు టాక్రోలిమస్‌తో కలిసి మూత్రపిండమును చెఱచును. ఎవరో చెప్పిన పసరులు, కండపెంచు పొడులు వైద్యు నడుగక తినరాదు. ఆట ముగిసిన తరువాత దప్పికకు పంపరపనస రసము త్రాగరాదు. అది రక్తములో టాక్రోలిమస్ పాళ్లను మితిమీర పెంచగలదు.

ఆగవలసిన గుర్తులు

జ్వరము 100.4 డిగ్రీలు దాటిన దినమున వ్యాయామము మాని వైద్యుని చూడవలెను. ఆటలో ఱొమ్మునొప్పి, తలతిరుగుట, తీఱని ఆయాసము, గుండెదడ, కొత్త అవయవమున్న చోట నొప్పి తోచినచో వెంటనే ఆగవలెను. మూత్రము తగ్గుట, కాళ్లు వాచుట, ఒకటి రెండు దినములలోనే బరువు పెరుగుట అవయవము కష్టములో నున్నదని తెలుపు గుర్తులు. వీనిని "ఆటబడలిక" అని త్రోసివేయరాదు.

ఆడి చూపినవారు

1978లో ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ నగరమున మారిస్ స్లాపాక్ అను శస్త్రవైద్యుడు అవయవ మార్పిడి యైనవారికే ప్రత్యేకముగా క్రీడోత్సవము నేర్పఱచెను. నేడది ప్రపంచ క్రీడోత్సవమై అనేక దేశములవారిని చేర్చుచున్నది. 2023లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమునను, 2025లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరమునను జరిగినది.

అమెరికాలో బాస్కెట్‌బాలు ఆటగాడైన షాన్ ఎలియట్ 1999లో తన అన్నగారి మూత్రపిండమును పొంది, 2000 మార్చిలో మఱల ఆటస్థలమున నిలిచెను. క్రిస్ క్లగ్ అను నతడు 2000లో కాలేయము మార్పించుకొని, 2002 ఒలింపిక్సులో మంచుకొండపై పలకతో జారు పందెమున కంచుపతకము గెలిచెను. క్రొయేషియా దేశపు ఫుట్‌బాలు ఆటగాడు ఇవాన్ క్లాస్నిచ్‌కు 2007లో తల్లి యిచ్చిన మూత్రపిండము నిలువలేదు. పిమ్మట తండ్రి యిచ్చినది నిలిచెను. మఱుసటి యేట యూరపు దేశముల పోటీలో అతడు గోలు కొట్టెను. వీరు వైద్యుల కనుసన్నలలో మెలగిన ఆరితేఱిన క్రీడాకారులు. వీరిని చూచి మనము ఢీకొను ఆటలకు దిగరాదు. గ్రహింపవలసిన దేమనగా, కొత్త అవయవము మనిషిని మంచమునకు కట్టివేయుట కీయబడినది కాదు.

మనము చేయవలసినది

ఇట్టి విద్యార్థి తరగతిలో నున్నచో అతనిని లెక్కలు వ్రాయుటకు మాత్రమే కూర్చుండబెట్టరాదు. వైద్యుని యుత్తరమును ఉపాధ్యాయునివద్ద నుంచి, తగిన ఆటలో చేర్చుకొనవలెను. అతనిని నెట్టి పరిహాసమాడరాదు. దగ్గు, పడిసెము గలవారు అతనికి దూరముగా నుండవలెను. మందు వేళకు ఆట యాపి మాత్ర వేసికొననీయవలెను. అవయవమిచ్చిన తల్లియో తండ్రియో అన్నయో ఆ యింటనే యుండవచ్చును. వైద్యుడు చెప్పిన గడువు గడచిన పిమ్మట వారును ఎప్పటివలె వ్యాయామము చేయవచ్చును. ఉన్నది ఒక్క మూత్రపిండమే గనుక గట్టిదెబ్బల ఆటలయందు మాత్రము జాగ్రత్త వలయును.

ఆ బాలునికి మేమీ సంగతులన్నియు చెప్పితిమి. తండ్రి తన వైద్యుని యడిగి అనుజ్ఞ పొందెను. ఇప్పుడు వారిరువురు సాయంకాలము మా యాటస్థలము చుట్టు నడచుచున్నారు. మొదట రెండు చుట్లు, నేడు ఎనిమిది. నాయనమ్మ వెంట వచ్చుట మానలేదు గాని, ఇప్పుడు రావిచెట్టు క్రింద కూర్చుండి చుట్లు లెక్కించుచున్నది. ఈ యేటి క్రీడోత్సవమున తండ్రిబిడ్డల పరుగుపందెముతోపాటు నడకపందెమును కూడ చేర్చితిమి. అందులో మొట్టమొదట నమోదైన పేర్లు ఆ యిరువురివే.